ఒంటబట్టని తిండి

లానుస్, బ్యూనస్ ఐరిస్
29 జనవరి 1995

సునిల్దా వదినగారికి,

దేవుడి దయవల్ల మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం మీ తమ్ముడి చేతికే ఇచ్చి పంపుతున్నాను. నిదియాను మీ దగ్గర దింపి, ఒక్క రాత్రి ఉండి, మర్నాటి బస్సుకే వెనక్కి వచ్చేస్తాడు. మేస్త్రీ అంతకంటే సెలవివ్వనన్నాడు.

నాకు ఐదో నెల. మంచం దిగితే బిడ్డ దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుట్టు మిషనుకి గుడ్డ కప్పి మూల పెట్టేశాను. నేనే పడుకుని ఉంటే ఏడేళ్ళ పిల్లకి, అదీ జబ్బు పిల్లకి, ఎవరు వండి పెడతారు? ఎలాదియోకి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. మీ తమ్ముణ్ణి పెంచింది మీరే కాబట్టి ఆ సంగతి మీకే బాగా తెలుసు. అందుకే మిమ్మల్ని అడగాల్సొచ్చింది.

నిదియా జబ్బు పేరు సీలియాక్. గోధుమలో ఉండే జిగురు దాని పేగుకి పడదు. అది తగిలితే పేగు లోపలి నూగంతా రాలిపోతుందట, ఆ తరవాత ఎంత తిన్నా ఒంటబట్టదు. మందు లేదు. తిండే మందు. అందుకని వదినా, పిండి అన్నది ఏదీ పెట్టొద్దు. రొట్టె, బిస్కెట్టు, సేమియా, కేకు ఏవీ వద్దు. అన్నం మెత్తగా వండి, కోడిమాంసం, కారెట్టు ఉడకబెట్టి పెట్టండి చాలు. మీ బట్టీలో కాల్చింది మాత్రం ఒక్క ముక్క కూడా ఇవ్వొద్దు. ఏమీ అనుకోకండి.

జులైలో ఇక్కడి డాక్టరు మళ్ళీ చూస్తాడు. అప్పటికి బరువు పెరగకపోతే ఆసుపత్రిలో చేర్చి గొట్టంతో తిండి ఎక్కించాలి అన్నాడు. నా భయమంతా అదే.

మీ మరదలు
నిమియా


బర్రేరో, పరాగ్వే
11 ఫిబ్రవరి

నిమియాకి,

పిల్లని పంపిస్తానని పుల్లని పంపించావు. తమ్ముడు బస్సు దింపి చెయ్యి పట్టుకు తీసుకొస్తుంటే, ఆ కాళ్ళు చూసి పరుగున వెళ్ళి ఎత్తుకున్నాను. పొట్ట మాత్రం ముందుకి. పడుకున్నదానివి, నిన్ను తిట్టకూడదు కాబట్టి తమ్ముణ్ణి తిట్టాను. వాడు యథాప్రకారం తల దించుకుని రెండు పళ్ళేలు మాంసం తిని వెళ్ళాడు.

నువ్వు చెప్పినట్టే అన్నం, కోడిమాంసం, కారెట్టు పెడుతున్నాను. ఖైదీలకి కూడా ఇంతకంటే మంచి కూడు పెడతారు. పిల్ల నోరెత్తి అడగదు. బట్టీ దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చుని నేను చిపాలు తీస్తుంటే వాసన పీలుస్తుంది. రోడ్డు మీద బస్సులాగితే నా దగ్గర చిపాలమ్మే అమ్మాయిలు బుట్టలెత్తుకుని పరుగెడతారు కదా, వాళ్ళ వెనకే తనూ గేటుదాకా పరుగెత్తి ఆగిపోతుంది.

నిమియా, నేను చదువుకున్నదాన్ని కాదు గానీ చిపా చేసి బతికేదాన్ని. చిపాలో గోధుమ ఎక్కడుంది? కర్రపెండలం పిండి, గుడ్లు, చీజ్, పందికొవ్వు, సోంపు, అంతే కదా. మా అమ్మ అలాగే చేసింది, ఆవిడ అమ్మా అలాగే చేసింది. మీ ఊళ్ళో డాక్టర్లకి ఏడాదికో కొత్త జబ్బు కావాలి. మా రోజుల్లో కడుపు నొప్పంటే ఇంత ఆకు నలిపి నీళ్ళలో వేసి ఇచ్చేవాళ్ళు.

నాకూ చిన్నప్పట్నుంచీ పొట్ట బలహీనమే. పొద్దున్నే ఎండు గల్యేతా రొట్టె నిప్పుల మీద కాల్చి టీలో ముంచుకు తింటాను, కడుపుకి అంత తేలికైనది ఇంకోటి లేదు. పిల్లకీ అదే పెడదామనుకుని చెయ్యి చాచి, నీ మొహం గుర్తొచ్చి మానేశాను. ఒక్క చిపాకి ఒప్పుకో తల్లీ. చిన్నదే చేస్తాను.

నువ్వు మాత్రం మంచం దిగకు. గిన్నెలు తోమకపోతే ప్రపంచం మునిగిపోదు.

నీ మేలు కోరే
సునిల్దా


లానుస్
24 ఫిబ్రవరి

వదినగారికి,

వద్దు వదినా. దండం పెడతాను, వద్దు.

మీరు కాల్చుకు తినే ఆ గల్యేతా రొట్టె అచ్చంగా గోధుమే. కాల్చినంత మాత్రాన తేలికైపోదు. ఇక్కడ పక్క వాటా ఆవిడ కూడా మీలాగే, ఒక్క ముక్కకేమవుతుంది అని నాకు చెప్పకుండా పిల్లకి కజ్జికాయ అంచు తుంచి పెట్టింది. వారం రోజులు పిల్ల వాంతులతో, విరేచనాలతో తల ఎత్తలేదు. ఆ తరవాత అదే ఆవిడ, అంటుకుంటుందేమోనని వాళ్ళ పిల్లల్ని మా గుమ్మం తొక్కనివ్వలేదు. పెట్టిందీ ఆవిడే, పారిపోయిందీ ఆవిడే.

ఇంకోసారి తప్పు నాదే. రెండు నెలలు బాగుంటే జబ్బు పోయిందనుకున్నాను. పుట్టినరోజుకి కేకు కొన్నాను. ఎంత సంబరంగా తిందో. మూడో రోజుకి చూడాలి దాన్ని. పేగు నయమైనా జబ్బు పోదట, ఎంత పెద్దదైనా పోదట. ఈ మాట నా మనసుకి పట్టడానికి ఏడాది పట్టింది.

డాక్టరు చెప్పినవి గోధుమ, బార్లీ, రై, ఓట్లు, ఈ నాలుగే. నిజమే. కాని కేకు తరవాత నాకు ఏ పిండిని చూసినా గోధుమలాగే కనిపిస్తోంది. అందుకే మొక్కజొన్న, కర్రపెండలం, పాలు, గుడ్లు అన్నీ ఆపేశాను. లేనిపోని చాదస్తమని నవ్వుకోండి, ఫర్వాలేదు.

పిల్లని చూసుకుంటున్నందుకు మీ రుణం తీర్చుకోలేను. ఈ ఒక్క మాట వినండి.

నిమియా


బర్రేరో
14 మార్చి

మరదలికి,

విన్నాను. వింటున్నాను. బతికున్నంతకాలం తమ్ముడి భార్య మాట వినాల్సొస్తుందని ఎవరూ ముందు చెప్పలేదు.

మొన్న ఒకటి జరిగింది, చెప్పకుండా ఉండలేను. మధ్యాహ్నం చిపాలు చల్లార్చి బుట్టలో సర్దుతున్నాను. నిదియా వచ్చి పక్కన నిలబడి, "అత్తా, నోట్లో పెట్టుకుని నమిలి, మింగకుండా ఊసేస్తే అమ్మకి కోపమొస్తుందా?" అని అడిగింది. నేను బుట్ట అక్కడే వదిలేసి ఇంట్లోకెళ్ళి గోడకి మొహం పెట్టుకుని ఏడ్చాను. నేను ఏడవడం నీకు తెలీదు, మా ఆయన సిర్యాకో ఇల్లొదిలి వెళ్ళిపోయినప్పుడు కూడా ఏడవలేదు.

మర్నాడే పిల్లని తీసుకుని మా ఊరి క్లినిక్కుకి వెళ్ళాను. కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది, చిన్నపిల్ల, ఇంకా బడిపిల్లలా జడ వేసుకుంటుంది. నీ ఆసుపత్రి కాగితమంతా చదివి, "అమ్మా, ఈ నాలుగు గింజలు తప్ప మిగిలిందంతా ఈ పిల్లదే. కర్రపెండలం, మొక్కజొన్న, బియ్యం, చిక్కుడు, గొడ్డుమాంసం, పాలు, గుడ్లు, అన్నీ పెట్టండి, ఎదిగే పిల్ల" అంది. నేను ఇంటికి వస్తూ దారంతా లోలోపల నిన్ను తిట్టుకున్నాను. తరవాత నాకే సిగ్గేసింది. భయపడ్డ తల్లిని తిట్టడమేమిటి.

అయినా నీ మాట లేకుండా పెట్టను. మీ డాక్టర్నే ఇంకోసారి అడుగు. కర్రపెండలం అని పేరు పెట్టి అడుగు.

ఇంకో సంగతి. పక్కింటి ఫిదెలీనా, నిదియా చల్లటి తెరెరే టీ పీల్చి తాగిన గొట్టాన్ని గుడ్డతో తుడిచి మరీ నోట్లో పెట్టుకుంది. "ఏమే, ముప్పై ఏళ్ళుగా ఊరందరి ఎంగిలీ తాగుతున్నావు, ఈ పిల్ల ఎంగిలే చేదైందా?" అన్నాను. "అంటుకుంటుందటగా" అంది. "అంటుకునేదైతే ముందు నీ నోటి దురుసు అంటుకోవాలి ఊరికి" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు చక్కెర అయిపోయి వచ్చింది.

పిల్ల గేటు దగ్గర అమ్మాయిలతో గ్వారనీ మాట్లాడటం నేర్చుకుంటోంది. అన్నీ తిట్లే ముందు వచ్చాయి.

సునిల్దా


లానుస్
2 ఏప్రిల్

వదినా,

అడిగాను. ఎలాదియో డాక్టర్ని ఇంటికి తీసుకొచ్చాడు. కర్రపెండలం అని పేరు పెట్టి అడిగాను. "మీ దేశంవాళ్ళకి ఈ జబ్బులో అదే పెద్ద వరమమ్మా, ఎందుకు మానేశారు?" అన్నాడు. పాలు, గుడ్లు కూడా ఎప్పట్నుంచో పెట్టి ఉండొచ్చట. ఇన్ని నెలలు నా చేతులారా నా పిల్లని పస్తు పెట్టాను వదినా. ప్రేమతోనే పెట్టాను పస్తు, ఆ మాట ఎవరికి చెప్పుకోను?

పెట్టండి. చిపా పెట్టండి. ఈస్టరు ముందు పరిశుద్ధ వారం దగ్గరకొస్తోంది, బుధవారం అందరూ చిపాలు చేస్తుంటే అది కూడా పిండి కలపాలి. పిట్టలాంటి చిపా ఒకటి చేసి పెట్టండి దానికి. నా చిన్నప్పుడు మా అమ్మ నాకు పిట్టే చేసేది.

లోపల బిడ్డ బాగా కదులుతోంది. మీ తమ్ముడు బన్ను తెచ్చుకుని నాకు కనబడకుండా మేడ మెట్ల మీద తిని వస్తున్నాడు, పిల్ల ఇక్కడ లేకపోయినా.

మీ నిమియా


బర్రేరో
18 ఏప్రిల్

నిమియా,

రాయడానికి చెయ్యి రావడంలేదు. చెప్పకుండా ఎలా ఉంటాను?

బుధవారం ఇల్లంతా పండగే. తెల్లారకుండానే బట్టీ రాజేశాం. నిదియా మోచేతులదాకా పిండి పూసుకుని పిట్ట చేసింది, బల్లి చేసింది, కళ్ళకి సోంపు గింజలు పెట్టింది. అరిటాకుల మీద పెట్టి బట్టీలోకి తోశాను. బయటికి తీయగానే కాలుతున్నా ఆగలేదు. పిట్ట తల కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. ఆ మొహం నువ్వు చూసి ఉండాల్సింది. శుక్రవారం ఎటూ పొయ్యి వెలిగించం కదా, ఆ రోజంతా చిపాయే.

శనివారం తెల్లవారుజామున మొదలైంది. వాంతులు, విరేచనాలు, కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఫిదెలీనా కొడుకు మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని క్లినిక్కుకి తీసుకెళ్ళాం. రెండు రోజులు సెలైను పెట్టారు. ఇప్పుడు నయం, ఇంటికొచ్చింది, గంజి తాగుతోంది. కాని మళ్ళీ పుల్లలా అయిపోయింది.

నిమియా, మేరీమాత సాక్షి. ఆ చిపాలో గోధుమ ఒక్క గింజ లేదు. పిండి నేను దగ్గరుండి తెచ్చాను. ఏం జరిగిందో నాకు అర్థం కావడంలేదు.

సునిల్దా


లానుస్
25 ఏప్రిల్

సునిల్దా వదినగారికి,

నేను ముందే చెప్పాను. వద్దు అన్నాను. డాక్టర్లు, వాళ్ళూ వీళ్ళూ చెప్పారని నా మనసు మార్చుకుని ఒప్పుకున్నాను చూడండి, నన్ను అనాలి.

దయచేసి ఇకపై అన్నం, కోడిమాంసం తప్ప ఏమీ పెట్టకండి. నేను మంచం మీద నుంచి లేచి రాలేను, లేకపోతే ఈ పాటికి బస్సెక్కేదాన్ని. కాన్పు కాగానే ఎలాదియో వచ్చి పిల్లని తీసుకొచ్చేస్తాడు. మీకు శ్రమ తప్పుతుంది.

మీరు ప్రేమతోనే చేశారని తెలుసు. కాని పిల్ల కడుపు పట్టుకుని ఏడుస్తుంటే ఎలా ఉంటుందో కన్నవాళ్ళకే తెలుస్తుంది.

నిమియా


లానుస్
22 మే

వదినా,

నెలైంది, మీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. బస్సు డ్రైవరుని ప్రతి వారం అడిగిస్తున్నాను, బర్రేరోలో ఉత్తరమేమీ ఇవ్వలేదంటున్నాడు. పిల్ల బాగుందని మాత్రం ఎవరో చెప్పారట.

మీకు కోపం వచ్చిందని తెలుసు. నేను రాసిన ఆఖరి మాట, ఆ రాత్రే తిరగ రాద్దామనుకున్నాను. ఉత్తరం అప్పటికే వెళ్ళిపోయింది. తల తిరిగే భయంలో రాశాను. మీ కోపం నా మీద చూపించండి, చాలా ఉత్తరాలు రాసి తిట్టండి, మౌనంగా మాత్రం ఉండకండి. మీ మౌనం మీ తిట్లకంటే ఎక్కువ భయపెడుతోంది.

నాకు నెలలు నిండుతున్నాయి.

నిమియా


బర్రేరో
8 జూన్

నిమియా,

కోపం వచ్చింది. అబద్ధమెందుకు? నువ్వన్న మాట ఒక వారం ముల్లులా గుచ్చుకుంది. కాని రాయకపోవడానికి కారణం అది కాదు. నేను ఊళ్ళో లేను. రెండుసార్లు అసున్సియోన్ పెద్దాసుపత్రికి వెళ్ళాల్సొచ్చింది. ఏమని తేలుతుందో తెలియకుండా నీకు రాస్తే, నిండు నెలల మనిషివి, ఏమైపోతావోనని ఊరుకున్నాను.

ముందు పిల్ల సంగతి. తప్పు ఎక్కడ జరిగిందో దొరికింది. మా పిండి తొట్టి నీకు గుర్తుంది కదా, ఒకే మాను తొలిచి చేసింది, మా అమ్మనాటిది. పరిశుద్ధ వారం మంగళవారంనాడు ఫిదెలీనా దాన్ని అడిగి తీసుకెళ్ళి, ఈస్టరు తీపి రొట్టెకి గోధుమ పిండి అందులోనే పిసికింది. తడిగుడ్డతో తుడిచి తెచ్చిచ్చింది. నేనూ ఇంకోసారి తుడిచాను. ఏడాదేడాదీ ఇంతే కదా, ఈ వీధిలో ఒకరి తొట్టి ఒకరు వాడకపోతే పరిశుద్ధ వారమే కాదు. తరవాత ఒక రోజు కూర్చుని ఆ కొయ్య పగుళ్ళలో మేకు పెట్టి గీరితే, తెల్లగా, బిగుసుకుపోయి, అప్పడంలా ఊడి వచ్చింది. బట్టీలో అంత నిప్పుకి ఏదున్నా కాలిపోతుందనుకున్నానని డాక్టరమ్మతో అన్నాను. "నిప్పుకి చచ్చేది పురుగమ్మా, ఇది పురుగు కాదు" అంది. ఇప్పుడు పిల్లకి వేరే తొట్టి, వేరే గరిటె, వేరే గుడ్డ. అవి ముట్టుకుంటే చేతులు విరుస్తానని వీధంతా చెప్పి వచ్చాను. ఫిదెలీనా ఏడ్చింది. పిల్ల ఆవిడ ఒళ్ళో కూర్చుని ఓదార్చింది.

అన్నం, కోడిమాంసం అన్నావు. ఈసారి నీ మాట వినలేదు. చిపా పెడుతున్నాను, కర్రపెండలం ఉడకబెట్టి వెన్న రాసి పెడుతున్నాను, మొక్కజొన్న ఉండల పులుసు పెడుతున్నాను. నీకు కోపం రానీ. నువ్వు పంపిన గౌన్లు ఇప్పుడు పట్టడంలేదు. క్లినిక్కులో తూచి డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. ఆసుపత్రీ గొట్టమూ ఏమీ అక్కర్లేదని కాగితం రాసిచ్చింది, దీనితో పంపుతున్నాను.

ఇప్పుడు నా సంగతి. పిల్లకి సెలైను పెట్టిన రాత్రి డాక్టరమ్మ నా కళ్ళు కిందికి లాగి చూసింది. "ఎప్పట్నుంచి ఇంత పాలిపోయి ఉన్నారు?" అంది. ఎప్పట్నుంచేమిటి, పుట్టినప్పట్నుంచి అన్నాను. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో నడుస్తుంది, మేనత్త కదా, చూపించుకోమంది. నేను నవ్వాను. చిన్నపిల్లల జబ్బు నలభై అయిదేళ్ళ ముసలిదానికేమిటి అన్నాను. అసున్సియోన్‌లో నోట్లోంచి గొట్టం దింపి పేగు ముక్క తీశారు. ఉన్నట్టు తేలింది. నీ కూతురికి ఉన్నదే నాకూ ఉంది. బలహీనమైన పొట్టకి మందని ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే విషం కాల్చుకుని తిన్నానన్నమాట.

నీకు తెలీని సంగతి ఒకటుంది. తమ్ముడు అప్పుడు చిన్నవాడు, వాడికీ సరిగ్గా గుర్తుండదు. నాకు ముగ్గురు పోయారు. ఇద్దరు మూడో నెల్లోనే. ఒకడు ఏడో నెల్లో, వాడికి గోళ్ళు కూడా ఉన్నాయి. నా రక్తం చల్లనిదని అత్తగారు అంది. నేను మనసారా కోరుకోలేదని సిర్యాకో అన్నాడు. తరవాత సరిహద్దుకి పోయి ఇంకొకావిడతో నలుగుర్ని కన్నాడు. నేను వాడి మాటే నిజమనుకున్నాను. డాక్టరమ్మని అడిగాను. "అదే కారణమని నేను ఒట్టేసి చెప్పలేనమ్మా. కాని తిండి ఒంటబట్టని ఒంట్లో బిడ్డ నిలవడం కష్టం" అంది.

అందుకే రాయలేకపోయాను. ఏమని రాయను? జబ్బు మా వైపు నుంచే నీ పిల్లకి వచ్చిందని రాయనా? తమ్ముడు ఎప్పుడొచ్చినా పిల్లని పంపిస్తాను. బట్టలు సర్ది ఉంచాను.

సునిల్దా


లానుస్
2 జులై

మా వదినకి,

ఆడపిల్ల పుట్టింది. పోయిన నెల పద్నాలుగో తారీకున, తేలిగ్గానే. జుట్టంతా మీ తమ్ముడిదే, కోపం మీది. మీ ఉత్తరం కాన్పు అయిన నాలుగో రోజు అందింది. బిడ్డకి పాలిస్తూ చదివాను. ఏడుపు ఆపుకోలేకపోతే మీ తమ్ముడు కంగారు పడి ఏమైందని ఉత్తరం లాక్కున్నాడు. చదివి, మెట్ల మీదకి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాడు. ఈసారి బన్ను కోసం కాదు.

కన్నవాళ్ళకే తెలుస్తుందని మీకు రాశాను నేను. మీకు. ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు వదినా. క్షమించమని అడగడం కూడా తక్కువే.

మీ వైపు నుంచి వచ్చిందని రాశారు. ఆ మాట ఇంకెప్పుడూ అనకండి. నా కూతురికి మీ మొండితనం మీ వైపు నుంచే వచ్చింది, ఆ మొండితనంతోనే అది బతికింది. చిన్నదానికి కూడా కొన్నాళ్ళు పోయాక పరీక్ష చెయ్యాలట. ఉంటే ఉంటుంది. నేను ఇంతకుముందులా భయపడను.

ఎలాదియో పిల్లని తీసుకురావడానికి రాడు. డిసెంబరులో మేమే నలుగురం కాదు, ముగ్గురం వస్తాం, అక్కడికొచ్చి నలుగురమవుతాం, మీతో ఐదుగురం. అప్పటిదాకా నిదియాని మీ దగ్గరే ఉంచుకోండి. అది మొన్న ఫోను బూత్ నుంచి ఏం చెప్పిందో తెలుసా? "అమ్మా, నేను ఇప్పుడు రాలేను. అత్త బట్టీ వెనక గల్యేతా దాచుకుని తింటోంది. కాస్తే కదా అంటోంది. నేను లేకపోతే ఆవిణ్ణి ఎవరు చూసుకుంటారు?" అంది.

చిన్నదానికి బాప్తిస్మం మీరొచ్చేదాకా ఆపాను, కాదు, మేమొచ్చేదాకా. జ్ఞానతల్లి మీరే. కాదనకండి.

మీ నిమియా


బర్రేరో
20 జులై

నిమియా,

గల్యేతా ఒకటే తిన్నాను. అదీ సగం. నీ కూతురు కోర్టులో చెప్పినట్టు చెప్పింది. ఆ సగానికి రెండు రోజులు పడుకున్నాను, దాని చేత్తో గంజి తాగాను, చివాట్లు తిన్నాను. ఇక ముట్టను. నలభై ఏళ్ళ అలవాటు, పొద్దున్నే చెయ్యి దానంతటదే వెళ్తుంది, ఏం చెయ్యను. ఇప్పుడు ఇద్దరం పొద్దున్నే టీతో చిపా తింటున్నాం. నిన్న లంగా బొందు ముడి పడలేదు. మొదట భయపడ్డాను, తరవాత అర్థమైంది, ఒళ్ళు చేస్తున్నాను. ఈ వయసులో.

జ్ఞానతల్లిగా ఉంటాను. ఆ మాట చదివి లేచి బయటికి వెళ్ళి కోళ్ళకి గింజలు చల్లి వచ్చాను, అవి అప్పటికే తిని ఉన్నా.

క్షమించడం ఏమిటే. నువ్వన్న ఆ మాట నాకు నేనే ఇరవై ఏళ్ళుగా చెప్పుకున్నాను, నీకంటే గట్టిగా.

ఆదివారం స్మశానానికి వెళ్ళాను. ఏడో నెలవాడికి మాత్రమే సిలువ ఉంది, మిగతా ఇద్దరినీ వాడి పక్కనే అనుకుంటాను. నిదియా కూడా వస్తానంది. "వాళ్ళు నాకు బావలా వదినలా?" అని అడిగింది. వీడు బావే, మిగతా ఇద్దరూ ఎవరో తెలీదమ్మా, చూడలేదు అన్నాను. సరే, ఎవరైతేనేం అని సిలువ చుట్టూ గడ్డి పీకింది.

నేను ఎప్పుడెళ్ళినా అక్కడ మోకాళ్ళ మీద కూర్చుని తప్పు ఒప్పుకునేదాన్ని. నాకు రావాల్సినంత ప్రేమ రాలేదు, నన్ను మన్నించండి అని. ఈసారి మోకాళ్ళ మీద కూర్చోలేదు. నేల మీద మామూలుగా, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. వాళ్ళతో మామూలుగా మాట్లాడాను. "నేను తిన్నాను నాన్నా. మీ కోసమే తిన్నాను, నాకూ మీకూ సరిపోయేంత తిన్నాను. అది మీదాకా రాలేదు, అంతే. అమ్మ మిమ్మల్ని కోరుకుంది" అని చెప్పాను.

నీ వదిన
సునిల్దా